ఓజోన్ విడిపోతే వెలువడే శక్తి 142 కిలోజౌళ్లా, 285 కిలోజౌళ్లా, 206 కిలోజౌళ్లా?

దీన్ని చదివే మిగిలినవారికి కూడా విషయం అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నారు. ఓజోన్ విడిపోయి ఆక్సిజన్‌గా మారేటప్పుడు శక్తిలో వచ్చే మార్పును లెక్కకట్టబోతే మీకు మూడు సమాధానాలు వచ్చాయి. పాఠ్యపుస్తకంలోని సంఖ్యను తీసుకుంటే 142, కోచింగ్ నోట్సులో 285.4, బంధ ఎంథాల్పీలతో (అంటే ఒక్కో బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తులతో) మీరే స్వయంగా వేస్తే 206 కిలోజౌళ్లు. దీనికి తోడు, ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాల శక్తిని పీల్చుకుని విచ్ఛిన్నమవుతుందని చదివాం కదా, శక్తిని పీల్చుకునే చర్యను ఉష్ణమోచక చర్య (వేడిని వెలువరించే చర్య) అని ఎలా అంటారని కూడా అడిగారు.

విజయవాడలో ముప్పై ఏళ్లకు పైగా భౌతిక రసాయన శాస్త్రం చెప్పినవాడిని. ఈ రెండు సందేహాలూ దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగినవే. రెండింటికీ మూలం ఒక్కటే. 'ఓజోన్ విచ్ఛిన్నం' అనే ఒకే పేరుతో మనం కనీసం మూడు వేర్వేరు చర్యలను పిలుస్తున్నాం. సమీకరణం రాయకుండా పేరును మాత్రమే పట్టుకుని లెక్క మొదలుపెడితే ఒక చర్యకు చెందిన సంఖ్య మరొక చర్య పక్కకు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముందు సమీకరణాన్ని రాద్దాం.

2 ఓజోన్ → 3 ఆక్సిజన్

ఇక్కడ ఆక్సిజన్ అంటే రెండు పరమాణువులున్న అణువు, ఓజోన్ అంటే మూడు పరమాణువులున్న అణువు. రెండువైపులా ఆరేసి పరమాణువులు ఉన్నాయి, తుల్యం సరిపోయింది. మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ఒక కట్ట, డజను లాంటిది. 298 కెల్విన్ దగ్గర ఓజోన్ వాయువు ప్రమాణ సంశ్లేషణ ఎంథాల్పీ (మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం స్థిర పీడనంలో ఏర్పడేటప్పుడు ఉష్ణంలో వచ్చే మార్పు) మోల్‌కు +142.7 కిలోజౌళ్లు. ఆక్సిజన్ తన ప్రమాణ స్థితిలో ఉన్న మూలకం కనుక దాని సంశ్లేషణ ఎంథాల్పీ సున్నా. క్రియాజన్యాల మొత్తం నుంచి క్రియాజనకాల మొత్తాన్ని తీసివేయాలి.

(3 × 0) − (2 × 142.7) = −285.4 కిలోజౌళ్లు

ఇదే మీ నోట్సులోని సంఖ్య. ఇది సరైనదే, కానీ ఈ సమీకరణంలో ఉన్నట్టుగా రెండు మోల్‌ల ఓజోన్ విడిపోయినప్పుడు మాత్రమే సరైనది. ఒక్క మోల్ ఓజోన్ అయితే ఒకటిన్నర మోల్‌ల ఆక్సిజన్ వస్తుంది, −142.7 కిలోజౌళ్లు అవుతుంది. మీ పుస్తకంలో '3 ఆక్సిజన్ → 2 ఓజోన్' అని సమీకరణం వేసి, దాని పక్కన +142 కిలోజౌళ్లు/మోల్ అని ముద్రించారని రాశారు. అచ్చులోని ఆ 'మోల్‌కు' అన్న మాట ఒక మోల్ ఓజోన్‌కు సంబంధించినది, సమీకరణం మాత్రం రెండు మోల్‌లది. విడివిడిగా చూస్తే రెండూ నిజమే, పక్కపక్కన పెట్టడం వల్లనే విద్యార్థి తికమకపడుతున్నాడు. గుంటూరు మిర్చి యార్డులో ఎవరైనా ధర చెబితే అది క్వింటాకు అని వేరే చెప్పనక్కరలేదు, మన వీధి చివరి కొట్టులో చెబితే అది కిలోకు అనీ చెప్పనక్కరలేదు. కానీ ఆ రెండు ధరలనూ ఒకే కాగితం మీద 'దేనికి' అన్నది రాయకుండా పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఈ తప్పు విద్యార్థులే చేస్తారని అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రీఫైనల్ ప్రశ్నపత్రానికి కీ తయారుచేస్తూ, 4.8 గ్రాముల ఓజోన్ పూర్తిగా వియోగం చెందితే వెలువడే ఉష్ణం 28.54 కిలోజౌళ్లు అని రాశాను. ఓజోన్ అణుభారం 48, కాబట్టి 4.8 గ్రాములంటే 0.1 మోల్. 0.1ని 285.4తో గుణించాను, చేతులు దులుపుకున్నాను. పేపర్లు పంచిన మర్నాడు చివరి బెంచీ కుర్రవాడు ఒకడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "సార్, 285 రెండు మోల్‌లకు కదా సార్, నాకు 14.27 వచ్చింది, మార్కు కొట్టేశారు" అన్నాడు. ఆ అబ్బాయి చెప్పిందే సరైనది. అరవై చిల్లర పేపర్లను ఆ రాత్రి మళ్లీ దిద్దాను. అప్పటి నుంచి బోర్డు మీద ఏ ఎంథాల్పీ విలువ రాసినా, దాని పక్కన అది ఎన్ని మోల్‌లకో, ఏ పదార్థానికో రాయకుండా సుద్దముక్క కింద పెట్టలేదు.

మరొక చిన్న ఉచ్చు కూడా ఉంది. ద్రవ నీటి ప్రమాణ సంశ్లేషణ ఎంథాల్పీ −285.8 కిలోజౌళ్లు/మోల్. ఓజోన్ సమీకరణానికి వచ్చిన −285.4కు అది దగ్గరగా ఉండటం కేవలం కాకతాళీయం, రెండింటి మధ్యా ఏ సంబంధమూ లేదు. బట్టీపట్టేవారు పరీక్షలో ఒకదాని బదులు మరొకటి రాస్తుంటారు. అలాగే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేవారికి ఇంకొక మాట. పాత పుస్తకాల్లో ఇదే చర్యకు 68 కిలోకేలరీలు అని కనిపించవచ్చు. 4.184తో గుణించి చూసుకోండి, మన 285కే చేరుతుంది.

ఇక మీరు స్వయంగా వేసిన 206 దగ్గరకు వద్దాం. అసలు విషయం అంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. మీరు ఓజోన్‌కు లూయీ నిర్మాణం (బంధాలనూ ఎలక్ట్రాన్లనూ చూపే బొమ్మ) గీసి, అందులో ఒక ద్విబంధం, ఒక ఏకబంధం ఉన్నాయని తీసుకున్నారు. పట్టికలో ఆక్సిజన్ ద్విబంధానికి 498, ఏకబంధానికి 146 కిలోజౌళ్లు ఉన్నాయి. రెండు ఓజోన్ అణువుల్లోని బంధాలను తెంచడానికి 2 × (498 + 146), అంటే 1288 కావాలి. మూడు ఆక్సిజన్ అణువులు ఏర్పడితే 3 × 498, అంటే 1494 వెలువడుతుంది. తేడా −206. అంకగణితంలో ఎక్కడా తప్పు లేదు. తప్పు ఆ బొమ్మలో ఉంది.

నిజమైన ఓజోన్ అణువులో ఒక పొడుగు బంధం, ఒక పొట్టి బంధం ఉండవు. రెండు బంధాల పొడవూ ఒకటే, దాదాపు 128 పికోమీటర్లు. ఆక్సిజన్ అణువులోని ద్విబంధం పొడవు 121, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోని ఆక్సిజన్-ఆక్సిజన్ ఏకబంధం పొడవు దాదాపు 148. ఓజోన్ బంధం ఈ రెండింటి మధ్యన ఉంది. అలాంటి బంధానికి పట్టికలో విడిగా విలువ ఉండదు, మనమే రాబట్టుకోవాలి. ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువుల సంశ్లేషణ ఎంథాల్పీ +249.2 కిలోజౌళ్లు. ఓజోన్ అణువును పూర్తిగా మూడు పరమాణువులుగా విడగొట్టడానికి కావలసింది ఇలా వస్తుంది.

(3 × 249.2) − 142.7 = 604.9 కిలోజౌళ్లు

అందులో ఉన్న రెండు బంధాలూ సమానం కాబట్టి, ఒక్కొక్కదానికి సగటున 302 కిలోజౌళ్లకు కాస్త పైన. ఇప్పుడు మీరు 644 అనుకున్నది నిజానికి 605 మాత్రమేనని తెలిసింది. ఓజోన్‌కు దాదాపు 39 కిలోజౌళ్ల తేడా, రెండు ఓజోన్‌లకు 78కి కాస్త పైన. 206కు 78 కలిపితే 284 వస్తుంది, మిగిలిన కాస్త తేడా 498.4ను 498గా గుండ్రం చేయడం వల్ల వచ్చినదే. మీ సమాధానానికీ, అసలు సమాధానానికీ మధ్య ఉన్న అంతరం అక్కడికక్కడే సరిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. 302ను తీసుకుని నాలుగు బంధాలు తెంచి, మూడు ద్విబంధాలు ఏర్పరిస్తే −285.4 కచ్చితంగా వస్తుంది, అది చూసి కొందరు 'బంధ ఎంథాల్పీ పద్ధతి కూడా రుజువైంది' అంటారు. అది రుజువు కాదు. ఆ 302ను మనం 142.7 నుంచే తీశాం, కాబట్టి తిరిగి అదే చోటికి వచ్చాం. ఒక జేబులోంచి తీసి ఇంకొక జేబులో వేసుకున్నట్టన్నమాట.

మీ మాస్టారు ఈ తేడాను రెజొనెన్స్ శక్తిగా (ఎలక్ట్రాన్లు ఒకే బంధానికి పరిమితం కాకుండా పరుచుకోవడం వల్ల తగ్గే శక్తిగా) చెప్పారని మీరు రాశారు. చాలా గైడ్లలో కూడా అలాగే ఉంటుంది. కానీ గుర్తును ఒకసారి జాగ్రత్తగా చూడండి. రెజొనెన్స్ వల్ల అణువు స్థిరత్వం పెరుగుతుంది, అంటే దాని శక్తి లూయీ నిర్మాణం సూచించిన దానికన్నా తక్కువగా ఉండాలి. శక్తి తక్కువగా ఉన్న ఓజోన్ విడిపోతే వెలువడేది 206 కన్నా తగ్గాలి. నిజంగా వెలువడేది 285, అంటే పెరిగింది. కాబట్టి రెజొనెన్స్‌తో వివరించబోతే దిశే తారుమారవుతుంది. నా అభిప్రాయంలో అసలు చిక్కు 498 అన్న సంఖ్యలో ఉంది. అది ఆక్సిజన్ అణువుకు సొంతమైన విలువ, ఆ అణువు ఎలక్ట్రాన్ విన్యాసానికి సంబంధించినది. ఓజోన్ లోపల అలాంటి ద్విబంధమే ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. పైగా ఓజోన్‌కు ఏ లూయీ నిర్మాణం గీసినా మధ్య పరమాణువు మీద ధనావేశం, చివరి పరమాణువు మీద రుణావేశం పెట్టక తప్పదు. ఆక్సిజన్ వంటి రుణవిద్యుదాత్మకత ఎక్కువైన మూలకం మీద ధనావేశం పెట్టిన బొమ్మకు, మామూలు అణువుల నుంచి సగటు తీసిన బంధ ఎంథాల్పీలు సరిపోవు. నీరు, మీథేన్, ఆల్కహాల్ వంటివాటి దహనానికి ఈ పద్ధతి బాగానే దారి చూపిస్తుంది, ఓజోన్ దగ్గర మాత్రం దాన్ని ఉజ్జాయింపుగానైనా నమ్మవద్దని చెబుతాను. 285లో 79 తేడా అంటే పావు వంతుకు పైనే.

ఇప్పుడు మీ రెండో సందేహం. ఓజోన్‌లోని రెండు బంధాలకూ సగటు 302 అన్నాను కదా, అంటే మొదటి బంధాన్ని తెంచడానికి 302 కావాలని కాదు. ఓజోన్ నుంచి ఒక పరమాణువును మాత్రమే విడదీసే చర్యను రాద్దాం.

ఓజోన్ → ఆక్సిజన్ అణువు + ఆక్సిజన్ పరమాణువు

(0 + 249.2) − 142.7 = +106.5 కిలోజౌళ్లు

గుర్తు ధనాత్మకం, ఇది ఉష్ణగ్రాహక, అంటే శక్తిని పీల్చుకునే చర్య. మిగిలిన ఆక్సిజన్ అణువును కూడా రెండు పరమాణువులుగా చీల్చాలంటే 498.4 కావాలి, రెండూ కలిపితే 604.9 అవుతుంది. అంటే ఓజోన్ తన మూడో పరమాణువును చాలా వదులుగా పట్టుకుని ఉంది, అది వదిలేస్తే మిగిలిన రెండూ గట్టిగా కలిసిపోతాయి. ఓజోన్ అంత చురుకైన ఆక్సీకరణి కావడానికి ఈ 106.5 ముఖ్యమైన కారణం.

ఓజోన్ పొరలో కాంతిని పీల్చుకుని జరిగేది ఈ చర్యే. అక్కడ మీరు 'విచ్ఛిన్నం' అని చదివినది ఇది, లెక్కల్లో 'విచ్ఛిన్నం' అని చేసినది 2 ఓజోన్ → 3 ఆక్సిజన్. ఒకే మాట, రెండు చర్యలు, రెండు గుర్తులు. కాంతి శక్తి సంగతి కూడా చూద్దాం. ఓజోన్ అన్నిటికన్నా బాగా పీల్చుకునేది 255 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతిని. ఆ కాంతి ఒక మోల్ ఫోటాన్ల శక్తి దాదాపు 469 కిలోజౌళ్లు, మనకు కావలసిన 106.5కు నాలుగు రెట్లకు పైన. మిగులు శక్తి విడిపోయిన ముక్కల వేగంగానూ, వాటి ఉత్తేజిత స్థితులుగానూ మిగులుతుంది. శక్తి లెక్క ఒక్కటే చూస్తే దాదాపు 1120 నానోమీటర్ల పరారుణ కాంతి కూడా ఆ బంధాన్ని తెంచడానికి చాలాలి. అయినా మనల్ని కాపాడుతున్నది అతినీలలోహితాన్ని పీల్చుకోవడమే, ఎందుకంటే అణువు ఏ కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందన్నది దాని ఎలక్ట్రాన్ స్థాయిల మీద ఆధారపడుతుంది గాని, బంధ శక్తి మీద మాత్రమే కాదు.

అలా విడిపడిన పరమాణువుకు రెండు దారులున్నాయి. ఎక్కువసార్లు అది చుట్టూ దండిగా ఉన్న ఆక్సిజన్ అణువుతో కలిసి మళ్లీ ఓజోన్ అవుతుంది, అప్పుడు ఆ 106.5 కిలోజౌళ్లూ ఉష్ణంగా తిరిగి వస్తాయి. ఓజోన్ పోయిందీ లేదు, వచ్చిందీ లేదు, సూర్యకాంతి మాత్రం వేడిగా మారింది. ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లో పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గకుండా పెరగడానికి కారణం ఇదే. రెండో దారిలో ఆ పరమాణువు మరొక ఓజోన్‌ను ఢీకొంటుంది.

ఆక్సిజన్ పరమాణువు + ఓజోన్ → 2 ఆక్సిజన్

0 − (249.2 + 142.7) = −391.9 కిలోజౌళ్లు

ఇప్పుడు రెండు మెట్లనూ కలపండి. +106.5, −391.9 కలిస్తే −285.4. పరమాణువు రెండువైపులా ఉండి కొట్టివేయబడుతుంది, మిగిలేది 2 ఓజోన్ → 3 ఆక్సిజన్. హెస్ నియమం ఇంతకన్నా చక్కగా కనిపించే ఉదాహరణ నాకు తెలియదు. ఇంద్రకీలాద్రి మీదికి మెట్ల మీదుగా వెళ్లినా, ఘాట్ రోడ్డులో వెళ్లినా కొండ ఎత్తు మారనట్టే, దారి ఏదైనా మొత్తం మార్పు ఒక్కటే. ఈ మెట్ల క్రమాన్ని సిడ్నీ చాప్‌మన్ 1930లో ప్రతిపాదించారు. హెస్ తన నియమాన్ని ప్రకటించిన 1840లోనే, షోన్‌బైన్ ఓజోన్‌కు ఆ పేరు పెట్టారన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే విషయం. గ్రీకులో 'వాసన వేయడం' అన్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఏలూరు రోడ్డులో పాతకాలపు జిరాక్స్ మిషన్లు గంటల తరబడి నడిచే ఇరుకు షాపులో నిలబడినవారికి ఆ ఘాటు వాసన వేరే వివరించనక్కరలేదు.

క్లోరిన్ వస్తే ఈ లెక్క మారుతుందా అని తరువాత తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. మోలీనా, రోలాండ్ 1974లో హెచ్చరించినది దీని గురించే, 1995లో వారికి క్రుట్జెన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చినదీ ఈ కోవకు చెందిన పనికే. క్లోరిన్ పరమాణువు సంశ్లేషణ ఎంథాల్పీ 121.3, క్లోరిన్ మోనాక్సైడ్‌ది దాదాపు 101.6 కిలోజౌళ్లు. క్లోరిన్ పరమాణువు ఓజోన్‌ను తాకి క్లోరిన్ మోనాక్సైడ్, ఆక్సిజన్‌లను ఇచ్చే మెట్టులో 101.6 − 121.3 − 142.7, అంటే −162.4. ఆ మోనాక్సైడ్ ఒక ఆక్సిజన్ పరమాణువుతో కలిసి క్లోరిన్‌ను తిరిగి విడుదల చేసే మెట్టులో 121.3 − 101.6 − 249.2, అంటే −229.5. రెండూ కలిపితే −391.9, క్లోరిన్ లేనప్పుడు వచ్చినదే. నైట్రిక్ ఆక్సైడ్‌తో వేసి చూసినా ఇదే వస్తుంది. దానికి సంశ్లేషణ ఎంథాల్పీ 90.3, నైట్రోజన్ డయాక్సైడ్‌కు 33.2, మిగిలిన పని మీరు చేయండి.

మరి క్లోరిన్ చేసే చెరుపు ఏమిటి? అది శక్తి మార్పును మార్చదు, అడ్డుగోడ ఎత్తును తగ్గిస్తుంది. ఆక్సిజన్ పరమాణువు నేరుగా ఓజోన్‌తో చర్య జరపడానికి ఉత్తేజన శక్తి మోల్‌కు దాదాపు 17 కిలోజౌళ్లు, క్లోరిన్ పరమాణువుకు అది రెండు కిలోజౌళ్ల చుట్టుపక్కల మాత్రమే. చలి విపరీతంగా ఉండే ఆ ఎత్తులో ఈ తేడా చర్య వేగాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. క్లోరిన్ లాంటి ఉత్ప్రేరకం (తాను ఖర్చు కాకుండా చర్యను వేగపరిచేది) ఎంథాల్పీని మారుస్తుందా అన్న బిట్టు ప్రశ్నకు జవాబు 'మార్చదు' అని మీకు తెలుసు. ఎందుకు మార్చదో ఈ రెండు కూడికలు చూపిస్తున్నాయి.

మిగిలినవి వేగంగా ముగిస్తాను. మీరు అడిగినది 'శక్తి మార్పు' కాబట్టి, అది స్థిర పీడనంలోనా, మూత బిగించిన పాత్రలోనా అన్నది కూడా చూడాలి. రెండు మోల్‌ల వాయువు మూడు మోల్‌లవుతుంది, అంటే వాయు మోల్‌లలో పెరుగుదల ఒకటి. 298 కెల్విన్ దగ్గర వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం దాదాపు 2.5 కిలోజౌళ్లు. కాబట్టి అంతర్గత శక్తి మార్పు −285.4 − 2.5, అంటే −287.9 కిలోజౌళ్లు. స్థిర పీడనంలో ఆ రెండున్నర కిలోజౌళ్లు వాయువు వ్యాకోచించి బయటి గాలిని నెట్టడానికి ఖర్చవుతాయి, మూసిన పాత్రలో అవి కూడా వేడిగానే మిగులుతాయి.

రోహిణి కార్తెలో మన ఊళ్లలో 45 డిగ్రీలు ఉంటే ఈ విలువ మారదా అని ఒక తరగతిలో అడిగారు. మారుతుంది, కానీ పట్టించుకునేంతగా కాదు. ఓజోన్ మోలార్ ఉష్ణధారణ 39.2, ఆక్సిజన్‌ది 29.4 జౌళ్లు. మూడు ఆక్సిజన్‌ల నుంచి రెండు ఓజోన్‌లను తీసివేస్తే తేడా 9.8. ఇరవై డిగ్రీలకు 196 జౌళ్లు, అంటే −285.4 కాస్తా −285.2 అవుతుంది.

చర్య తనంతట తాను జరుగుతుందా అన్నదానికి ఎంట్రోపీ, అంటే క్రమరాహిత్యానికి కొలత, కూడా కావాలి. ప్రమాణ మోలార్ ఎంట్రోపీ ఓజోన్‌కు 238.9, ఆక్సిజన్‌కు 205.2 జౌళ్లు ప్రతి కెల్విన్‌కు. మార్పు దాదాపు +138 జౌళ్లు. దాన్ని 298తో గుణించి ఎంథాల్పీ నుంచి తీసివేస్తే గిబ్స్ శక్తి మార్పు −326 కిలోజౌళ్లు, ఇది రుణాత్మకమైతే చర్య తనంతట తాను జరుగుతుంది. మొదటి సంవత్సరంలో మీరు చేసిన ఒక లెక్క గుర్తుందా? ఒకటిన్నర మోల్‌ల ఆక్సిజన్ ఒక మోల్ ఓజోన్‌గా మారడానికి సమతాస్థితి స్థిరాంకం 2.47 × 10⁻²⁹ అని ఇచ్చి, గిబ్స్ శక్తిని కనుక్కోమంటారు. జవాబు 163 వస్తుంది. దానికి రెట్టింపు 326, గుర్తు తారుమారు. ఇక్కడా 'ఎన్ని మోల్‌లకు' అన్న ప్రశ్నే. మన సమీకరణానికి స్థిరాంకం కావాలంటే ఆ సంఖ్యను వర్గం చేసి తలకిందులు చేయాలి, 10⁵⁷ స్థాయిలో వస్తుంది. ఎంథాల్పీ, ఎంట్రోపీ రెండూ వియోగం వైపే లాగుతున్నాయి, అందువల్ల ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా ప్రమాణ స్థితిలో ఈ చర్య ఆక్సిజన్ వైపే నడుస్తుంది. ఓజోన్ తయారీకి ఆక్సిజన్‌ను వేడిచేయకుండా నిశ్శబ్ద విద్యుదుత్సర్గాన్ని వాడటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. వేడి చేస్తే తయారైన కొద్దిపాటి ఓజోన్ కూడా విడిపోతుంది.

ఇవన్నీ కాగితం మీది సంఖ్యలే అనిపిస్తే, ఒక సంగతి చెబుతాను. మంగళగిరి దగ్గర మినరల్ వాటర్ ప్లాంటు నడుపుతున్న నా పాత శిష్యుడు ఒక వేసవిలో ఫోన్ చేసి, "మాస్టారూ, ఓజోన్ జనరేటరు చివర గోడకు బిగించిన డబ్బా చెయ్యి పెట్టనివ్వడం లేదండీ, దానికి కరెంటు వైరు కూడా లేదు, ఇదేం వేడండీ?" అని అడిగాడు. వెళ్లి చూశాను. వాడకుండా మిగిలిన ఓజోన్‌ను బయటి గాలిలోకి వదలకుండా విడగొట్టే డబ్బా అది. లోపల మాంగనీస్ డయాక్సైడ్ నల్లని గుళికలు ఉంటాయి, అవి ఉత్ప్రేరకం. ఆ రోజు నీళ్ల పంపు ఆపేసి జనరేటరును మాత్రం నడవనిచ్చారు, అందువల్ల వచ్చిన ఓజోన్ దాదాపుగా అంతా నేరుగా ఆ డబ్బాలోకే పోతోంది.

ఇద్దరం అక్కడే క్యాన్ల మీద కూర్చుని బిల్లు పుస్తకం వెనకవైపున లెక్క వేశాం. గాలిలో ఘనపరిమాణం ప్రకారం ఒక శాతం ఓజోన్ ఉందనుకుందాం. ఒక మోల్ గాలిలో 0.01 మోల్ ఓజోన్. అది విడిపోతే 0.01 × 142.7, అంటే 1.427 కిలోజౌళ్లు, 1427 జౌళ్లు. ఒక మోల్ గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 29 జౌళ్లు చాలు. భాగిస్తే 49 డిగ్రీలు. షెడ్డులో అప్పటికే నలభై ఉంది. గొట్టం గోడల నుంచి కొంత వేడి పోయినా, డబ్బా చెయ్యి పెట్టనివ్వకపోవడంలో వింత ఏమీ లేదు. అదే ఓజోన్ నీటిలో విడిపోతే ఎవరికీ తెలియదు. ఇరవై లీటర్ల క్యాన్‌లో లీటరుకు 0.4 మిల్లీగ్రాముల చొప్పున 8 మిల్లీగ్రాముల ఓజోన్ ఉంటే వెలువడేది 24 జౌళ్లు, నీటి ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. శుద్ధమైన ఓజోన్ అయితే గ్రాముకు దాదాపు మూడు కిలోజౌళ్లు, దాన్ని పలుచన చేసే గాలీ లేదు, నీరూ లేదు. ద్రవ ఓజోన్ పేలుడు పదార్థం కావడానికి కారణం అదే.

ఆ బిల్లు పుస్తకం మీద కూడా మావాడు మొదట 285.4నే 0.01తో గుణించి, 98 డిగ్రీలు తెచ్చాడు. పాత పేపర్లు దిద్దిన రాత్రి గుర్తుకువచ్చి నవ్వుకున్నాను.

పరీక్ష సంగతికి వస్తే, '2 ఓజోన్ → 3 ఆక్సిజన్ చర్యకు ఎంథాల్పీ మార్పు' అని అడిగితే −285.4 రాయండి. 'ఒక మోల్ ఓజోన్ వియోగానికి' అని అడిగితే −142.7 రాయండి. ప్రశ్నలోనే ఓజోన్ సంశ్లేషణ ఎంథాల్పీని 142 అని ఇస్తే, పట్టికలోని 142.7ను తీసుకురాకుండా ఇచ్చినదే వాడి −284 రాయండి. బంధ ఎంథాల్పీలను ప్రశ్నలో ఇచ్చి, వాటితోనే చేయమంటే −206 వచ్చినా దానికి మార్కులు పడతాయి, పక్కన 'లూయీ నిర్మాణం ఆధారంగా' అని ఒక మాట చేర్చండి. కాంతి వల్ల ఓజోన్ నుంచి పరమాణువు విడిపోవడం గురించి అడిగితే +106.5. నైట్రిక్ ఆక్సైడ్ లెక్కలో మీకు మొదటి మెట్టుకు −199.8, రెండో మెట్టుకు −192.1 వస్తే సరిగా చేసినట్టే.